పేట బాగుపడుతుంది సరే, పెరిగిన విలువ ఎవరిది?

ఒక పాత పేటను బాగుచేస్తామని నగరపాలక సంస్థ ప్రకటించిందనుకోండి. మర్నాడు పొద్దున్నే వెళ్లి చూస్తే అక్కడ ఏమీ మారి ఉండదు. అదే ఇరుకు సందు, అదే పొంగే మురుగుకాలవ, ఒరిగిపోయిన అవే కరెంటు స్తంభాలు. ఒక్క ఇటుక కూడా కదల్లేదు. మారింది ఒక్కటే, స్థలం ధర. నిన్నటిదాకా కొనేవాళ్లు లేక పడి ఉన్న ఇంటికోసం ఈరోజు ఇద్దరు ముగ్గురు వచ్చి వాకబు చేస్తుంటారు. రోడ్డు ఇంకా కాగితం మీదే ఉంది. దానివల్ల వచ్చే లాభానికి మాత్రం అప్పుడే బేరాలు మొదలయ్యాయి.

పట్టణ పునరాభివృద్ధి అనగానే మ్యాపులు, నోటిఫికేషన్లు, అభ్యంతరాల గడువులు, రంగురంగుల ఊహాచిత్రాలు గుట్టగా వచ్చి పడతాయి. వాటన్నిటి మధ్య దారి తప్పకుండా ఉండాలంటే ఒక్క ప్రశ్నను వదలకుండా పట్టుకోవాలి. ప్రజల డబ్బుతో, ప్రభుత్వ నిర్ణయంతో భూమి విలువ పెరుగుతుంది. ఆ పెరిగినది ఎవరికి చెందాలి? స్థల యజమానికా, కట్టే బిల్డరుకా, ఊరి ఖజానాకా, అక్కడే ముప్పై ఏళ్లుగా అద్దెకుంటున్న కుటుంబానికా? భూసేకరణ, ల్యాండ్ పూలింగ్, టీడీఆర్ (ఒక స్థలంలో వాడుకోలేని నిర్మాణ హక్కును ఇంకో స్థలానికి అమ్ముకోవడం), జోనింగ్ మార్పు (ఎక్కడ ఏది, ఎంత కట్టవచ్చన్న నిబంధన మార్చడం), పన్నుల మీద లేపే బాండ్లు, ఇవన్నీ ఈ ప్రశ్నకు వేర్వేరు కాలాల్లో వేర్వేరు నగరాలు చెప్పుకున్న జవాబులే. ఊహాచిత్రంలో కనిపించే చెట్లూ బెంచీలూ తర్వాతి సంగతి.

పారిస్ లెక్క ఎక్కడ తప్పింది

1853లో ఫ్రాన్సు చక్రవర్తి మూడో నెపోలియన్ పారిస్ పనిని హౌస్‌మన్ అనే అధికారికి అప్పగించాడు. కిక్కిరిసిన పాత నగరం మధ్యనుంచి వెడల్పాటి బులెవార్డులు తీయాలి, కింద మురుగు కాలవలు వేయాలి, పార్కులు కావాలి. దీనికంతటికీ డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది? హౌస్‌మన్ దగ్గర మంచి లెక్కే ఉంది. రోడ్డుకి కావలసిన పట్టీని మాత్రమే తీసుకోకుండా, రెండువైపులా ఉన్న స్థలాలను మొత్తంగా సేకరించాలి. 1852 నాటి ఒక ఆదేశం అందుకు వీలు కల్పించింది. మధ్యలో రోడ్డు వేశాక మిగిలిన ముక్కలు ఇప్పుడు బులెవార్డు ముఖం చూస్తున్నాయి కాబట్టి, వాటిని కొత్త ధరకు అమ్మితే రోడ్డు ఖర్చులో పెద్ద భాగం తిరిగి వచ్చేస్తుంది. పెరిగిన విలువ ఊరికే దక్కుతుంది.

1858లో ఫ్రాన్సు అత్యున్నత పరిపాలనా మండలి ఈ లెక్కను తలకిందులు చేసింది. రోడ్డుకి వాడని ముక్కను పాత యజమాని అడిగితే తిరిగి ఇచ్చెయ్యాల్సిందేనని తేల్చింది. దాంతో కూల్చే ఖర్చు, రోడ్డు ఖర్చు నగరానికి మిగిలాయి. కొత్త బులెవార్డు మీద ముఖమున్న స్థలం యజమానికి దక్కింది. పైగా పరిహారం ఎంతో తేల్చే జ్యూరీలో కూర్చునేది ఆస్తిపరులే. తోటి ఆస్తిపరుడికి తక్కువ ఇద్దామని వాళ్లకెందుకు అనిపిస్తుంది?

హౌస్‌మన్ పని ఆపలేదు, అప్పులోకి దిగాడు. కాంట్రాక్టర్లే ముందు పెట్టుబడి పెట్టి పనిచేస్తారు, నగరం వాళ్లకు ఏళ్ల తరబడి వాయిదాల్లో చెల్లిస్తుంది, ఆ వాయిదా కాగితాలను వాళ్లు బ్యాంకులో మార్చుకుంటారు. చూడ్డానికి ఇది అప్పులా ఉండదు కాబట్టి శాసనసభ అనుమతి అడగలేదు. 1867, 68లలో జూల్ ఫెర్రీ అనే లాయరు ఈ లెక్కల గుట్టు విప్పుతూ వరసగా పత్రికలో రాశాడు. 1870 జనవరిలో హౌస్‌మన్ పదవి పోయింది. అందరూ ఆ బులెవార్డుల అందమే చెప్పుకుంటారు గాని, మున్సిపల్ ఆర్థిక విభాగంలో పనిచేసేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది 1858 తీర్పునే. పెరిగిన విలువ ఎటు పోతుందో ముందే చట్టంలో కట్టుదిట్టం చేసుకోకపోతే, మిగిలేది అప్పే.

‘శిథిలం’ అన్న ముద్ర

పారిస్‌లో తగువు యజమానులకూ నగరానికీ మధ్య. అమెరికాలో ఇంకో తగువు ముందుకొచ్చింది. అసలు ఫలానా పేటను బాగుచేయాలని తేల్చేదెవరు?

1949 నాటి హౌసింగ్ చట్టం ప్రకారం నగరాలు శిథిలమైన పేటల్ని కొని, నేలమట్టం చేసి, ఆ భూమిని కొన్న ధరకంటే తక్కువకు ప్రైవేటు బిల్డర్లకు అమ్మవచ్చు. ఇందులో వచ్చే నష్టంలో మూడింట రెండొంతులు కేంద్ర ప్రభుత్వం భరిస్తుంది. అంటే ఊరు పెట్టే ప్రతి రూపాయికి పైనుంచి రెండు రూపాయలు వస్తాయన్నమాట. షరతు ఒక్కటే, ఆ ప్రాంతం శిథిలమైనదని అధికారికంగా ముద్ర పడాలి. ముద్ర వేస్తే డబ్బొస్తుందని తెలిశాక ముద్రలకు కొదవేముంటుంది?

సర్వే ఫారాలు తయారయ్యాయి. విడిగా స్నానాల గది ఉందా, ఇళ్ల మధ్య ఎడం ఎంత, కింద దుకాణం పైన కాపురం కలిసి ఉన్నాయా, ఎకరానికి ఎంతమంది అని లెక్కపెట్టారు. బోస్టన్‌లోని వెస్ట్ ఎండ్ ఈ ఫారాల్లో ఫెయిలైంది. 1950ల చివర్లో సుమారు 2,700 కుటుంబాలను పంపించి పేటను కూల్చేశారు. ఆ జాగాలో ఖరీదైన అపార్టుమెంట్లు లేచాయి. కూల్చకముందు కొన్ని నెలలు అక్కడే కాపురం ఉన్న సామాజికవేత్త హెర్బర్ట్ గాన్స్ చూసింది వేరు. అద్దెలు తక్కువ, చుట్టాలూ స్నేహితులూ నడిచివెళ్లే దూరంలో ఉంటారు, ఇళ్లు బయటికి ఎలా కనిపించినా లోపల శుభ్రంగా ఉంటాయి. ఫారంలో మరుగుదొడ్డికి ఒక గడి ఉంది. ఎవరి పిల్లలను ఎవరు కనిపెట్టుకుని ఉంటున్నారో రాయడానికి గడి లేదు.

1954లో ఇంకో మెలిక పడింది. వాషింగ్టన్‌లో ఇలా ముద్రపడిన ప్రాంతంలో నిక్షేపంగా ఉన్న ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్ యజమాని సుప్రీంకోర్టుకు వెళ్లాడు. నా భవనంలో ఏ లోపమూ లేదు కదా, దీన్నెందుకు తీసుకుంటారన్నాడు. కోర్టు ఒప్పుకోలేదు. పథకం మొత్తం ప్రాంతానిది, ఒక్కో భవనం గుణదోషాలు విడివిడిగా చూడనక్కర్లేదంది. అప్పటినుంచి అసలు పట్టు హద్దు గీతలోకి వచ్చింది. మ్యాపు మీద ఆ గీత ఎటు వంపు తిరుగుతుందన్నదే ఇంటి జాతకం.

2005లో న్యూ లండన్ అనే చిన్న నగరం కేసులో సుప్రీంకోర్టు మరో అడుగు ముందుకేసింది. శిథిలం కాకపోయినా, ఆర్థికాభివృద్ధి కోసం ఇళ్లు సేకరించి ప్రైవేటు పథకానికి ఇవ్వవచ్చని 5-4 తేడాతో తీర్పిచ్చింది. పక్కనే పెద్ద మందుల కంపెనీ ఫైజర్ పరిశోధనా కేంద్రం ఉంది, దాని చుట్టూ హోటలు, ఆఫీసులు, ఇళ్లు వస్తాయని ఆశ. ఇళ్లు పోయాయి. పథకం రాలేదు. 2009లో ఫైజర్ తాను కూడా వెళ్లిపోతున్నట్టు ప్రకటించింది. ఆ స్థలం ఏళ్లపాటు ఖాళీగా పడి ఉంది. అయితే ఆ తీర్పు రేపిన కోపానికి 40కి పైగా రాష్ట్రాలు తమ సేకరణ చట్టాలను సవరించుకున్నాయి. కోర్టులో ఓడినవాళ్లు బయట గెలిచిన కేసుల్లో ఇదొకటి.

లాక్కోకుండా పంచుకోవడం

సేకరణ ఒక్కటే దారి కాదని జర్మన్లు ముందే కనిపెట్టారు. ఫ్రాంక్‌ఫర్ట్ మేయర్ ఫ్రాంజ్ ఆడికెస్ పట్టుబట్టి తెచ్చిన 1902 నాటి చట్టానికి ఆయన పేరే స్థిరపడింది. అడ్డదిడ్డంగా ఉన్న స్థలాలన్నిటినీ కాగితం మీద ఒక కుప్పగా పోసి, రోడ్లకూ పార్కులకూ కొంత మినహాయించి, మిగిలినదాన్ని చక్కటి ఆకారంలో తిరిగి అదే యజమానులకు పంచడం ఇందులో కిటుకు. జపాన్ ఈ పద్ధతిని అందిపుచ్చుకుని 1923 భూకంపంలో కాలిపోయిన టోక్యోను ఎక్కువగా ఇలాగే మళ్లీ తీర్చింది. ల్యాండ్ పూలింగ్ అన్న మాట తెలుగు పాఠకులకు కొత్తేమీ కాదు, దాని మూలం ఇదే.

లెక్క ఎలా ఉంటుందో చూద్దాం. సందు లోపల 300 చదరపు మీటర్లున్న యజమానికి రోడ్డుమీద 210 మీటర్లు తిరిగి వస్తాయనుకుందాం. పోయిన 90 మీటర్లలో కొంత రోడ్లకి, కొంత పార్కుకి, మిగిలినది నగరం అమ్మి డ్రైనేజీకీ నీటి పైపులకీ ఖర్చు పెట్టుకోవడానికి. యజమానికి నష్టం లేకుండా ఉండాలంటే మీటరు ధర కనీసం 43 శాతం పెరగాలి. అంతకంటే పెరిగితే లాభమే. ఎవరినీ ఊరినుంచి పంపనక్కర్లేదు, నగరం జేబులోంచి పెద్దగా తియ్యనక్కర్లేదు.

అంత బాగుంటే అన్నిచోట్లా ఇదే చెయ్యొచ్చు కదా? చెయ్యలేకపోవడానికి కారణం ఆ 43లోనే ఉంది. ధరలు పెరుగుతున్న ఊరి అంచుల్లో అది తేలిక. ధర కదలని పాత పేటలో అదే శాతం అందని పండు. పైగా 300 మీటర్లవాడు 90 ఇస్తే ఇంకా ఇల్లు కట్టుకోగలడు. 30 మీటర్ల ఇల్లున్నవాడు 9 ఇస్తే మిగిలేది గది. ఇలాంటి చోట్లకోసమే జపాన్ 1969లో ఇంకో చట్టం తెచ్చింది. భూమి హక్కును కొత్త బహుళ అంతస్తుల భవనంలో అంతస్తు హక్కుగా మార్చుకునే పద్ధతి అది. స్థల హక్కుదారుల సంఘం పెట్టాలంటే మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. మిగిలిన ఒక వంతు ఏమైపోతుందన్నది మళ్లీ తగువే.

బ్రెజిల్‌లోని సావో పాలో ఈ సమస్యను వ్యాపారిలా ఆలోచించింది. 2001లో ఆ దేశం తెచ్చిన నగర చట్టం ఒక కొత్త సరుకును సృష్టించింది. ఎంచుకున్న ప్రాంతంలో మామూలుగా అనుమతించేదానికంటే ఎక్కువ కట్టుకోవాలంటే బిల్డరు సర్టిఫికెట్లు కొనాలి. అవి వేలంలో, స్టాక్ ఎక్స్ఛేంజిలో అమ్ముడవుతాయి. వచ్చిన డబ్బు ఆ ప్రాంతంలోనే రోడ్లకీ, కాలవలకీ, అక్కడి బస్తీవాసుల ఇళ్లకీ ఖర్చుపెట్టాలి. జోనింగ్ మార్పు అనేది చాలా ఊళ్లలో అధికారి సంతకంతో ఊరికే దొరికే వరం. దానికి ధర కట్టి అమ్మడం నిజంగా తెలివైన పని. లోపమూ చెప్పుకోవాలి. బిల్డర్లు ఎగబడే చోటే ఈ సర్టిఫికెట్లు అమ్ముడవుతాయి, డబ్బు అక్కడే ఖర్చవుతుంది. అంటే బాగున్న చోటు ఇంకా బాగుపడుతుంది. ఎవరూ కట్టడానికి రాని పేటకు ఈ సాధనం చిల్లికాసు తీసుకురాదు.

న్యూయార్క్‌లో పాడుబడిన ఎత్తైన రైలుమార్గాన్ని ‘హై లైన్’ పార్కుగా మార్చినప్పుడు కింద స్థలాలున్నవాళ్లు దాన్ని కూల్చెయ్యమని గట్టిగా పోరాడారు. తమ జాగాలో కట్టుకోవడానికి అది అడ్డమని వాళ్ల బాధ. 2005లో నగరం ఆ ప్రాంత నిబంధనలు మార్చి, వాడుకోలేని నిర్మాణ హక్కును దగ్గర్లోని మరో స్థలానికి అమ్ముకోవచ్చంది. అదే టీడీఆర్. పోరాటం చల్లబడింది. 2009లో పార్కు తెరుచుకుంది, చుట్టూ ధరలు ఆకాశానికంటాయి. పక్కనే ప్రభుత్వ ఇళ్లలో ఉంటున్న పేద కుటుంబాలకు మాత్రం ఆ పార్కు తమదనిపించలేదు. ఆ కుటుంబాలకు ఏం కావాలో ముందుగా అడగలేదని పార్కు స్థాపకుల్లో ఒకరే తర్వాత ఒప్పుకున్నారు. అమ్ముకోవడానికి హక్కున్నవాళ్లతో బేరం కుదిరింది. అలాంటి హక్కేదీ లేనివాళ్లు ఆ బేరంలోనే లేరు.

రేపటి పన్నును ఇవాళే ఖర్చుపెట్టడం

ఇంకో సాధనం గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే వినడానికి ఉచితంలా ఉండి, లెక్కలో మెలిక దాచుకున్నది ఇదే. కాలిఫోర్నియా 1952లో మొదలుపెట్టింది. ఒక ప్రాంతం చుట్టూ గీత గీస్తారు. ఈ ఏడాది అక్కడినుంచి వచ్చే ఆస్తి పన్ను 100 అనుకుందాం. ఆ 100ని అక్కడే బిగిస్తారు, బడికీ జిల్లాకీ మామూలు ఖర్చులకీ ముందు ముందు వెళ్లేది అదే. పనులు జరిగి పన్ను 160కి పెరిగితే, పైనున్న 60 పునరాభివృద్ధి సంస్థకే. వచ్చే 20, 30 ఏళ్లపాటు ఆ 60 వస్తుందని చూపించి ఇవాళే బాండ్లు అమ్మి, ఆ డబ్బుతో రోడ్లు వేస్తారు. పథకం తన ఖర్చును తానే సంపాదించుకుంటుందన్నమాట.

మెలిక ఆ 60లో ఉంది. పథకం లేకపోయినా పన్ను 100 దగ్గరే ఆగిపోయేదా? ఊరంతటా ధరలు పెరుగుతుంటే ఇక్కడా ఎంతో కొంత పెరిగేది కదా. ఏమీ చేయకపోయినా 135 అయ్యేదనుకుంటే, పథకం నిజంగా తెచ్చింది 25. తీసుకుంటున్నది మాత్రం 60. తేడా 35 బడుల జేబులోంచి వచ్చినట్టే. పథకం లేకపోతే ఏమయ్యేదన్నది ఎవరూ చూడలేరు కాబట్టి, సంస్థ కన్సల్టెంటు ఏం రాస్తే అదే రుజువు. చివరికి కాలిఫోర్నియాలో ఇలాంటి సంస్థలు 400 దాకా తయారై, రాష్ట్రంలోని ఆస్తి పన్నులో సుమారు 12 శాతం తీసుకుపోయేవి. బడ్జెట్ కష్టాల్లో పడ్డ రాష్ట్ర ప్రభుత్వం 2012లో అన్నిటినీ ఒక్కసారిగా మూసేసింది. తప్పు పద్ధతిదా, వాడకానిదా అని ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నా మట్టుకు, హద్దు గీసే చెయ్యీ డబ్బు తీసుకునే చెయ్యీ ఒకటే కావడమే అసలు తప్పు.

చిన్న మొత్తాల్లో ఇదే పని తగువు లేకుండా జరిగిన చోట్లూ ఉన్నాయి. టొరంటోలో మెట్రో వచ్చాక వీధి మీద జనం తగ్గిపోతే, బ్లోర్ వెస్ట్ విలేజ్ దుకాణదారులు 1970లో తమ మీద తామే అదనపు పన్ను వేయించుకుని దీపాలూ బెంచీలూ పూలకుండీలూ పెట్టుకున్నారు. ప్రపంచమంతా నకలు చేసిన పద్ధతి అది. పెట్టేదీ వాళ్లే, అనుభవించేదీ వాళ్లే కాబట్టి లెక్క తేలిగ్గా తేలింది.

కాగితం మీద లేనివాళ్లు

ఇప్పటిదాకా చెప్పుకున్న జవాబులన్నిటిలో ఒక మనిషి దాదాపు కనిపించడు. అద్దెకున్నవాడు. విలువ పెరిగితే యజమానికి ఆస్తి పెరుగుతుంది, అద్దెదారుకి అద్దె పెరుగుతుంది.

సియోల్‌లో నగరం మధ్యనున్న చొంగ్యెచొన్ వాగు మీద కాంక్రీటు కప్పి, దానిపైన ఎత్తైన రహదారి వేశారు. 2003లో ఆ రహదారిని కూల్చి, 2005 నాటికి 5.8 కిలోమీటర్ల వాగును మళ్లీ బయటికి తెచ్చారు. ప్రపంచంలోని నగర ప్రణాళికా నిపుణులంతా వెళ్లి చూసొచ్చే చోటది. వాగులో నీళ్లు చాలావరకు పంపుతో తోడి వదిలేవే అయినా చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. ఆ రహదారి నీడలో వందలమంది వీధి వ్యాపారులు పాత సామాన్లు అమ్ముకుని బతికేవాళ్లు. వాళ్లను దగ్గర్లోని దొంగ్దెమున్ స్టేడియంలోకి పంపారు. కొన్నేళ్లకు ఆ స్టేడియాన్నీ కూల్చి, 2014లో అక్కడ మెరిసిపోయే డిజైన్ ప్లాజా తెరిచారు. వ్యాపారులు మళ్లీ మూటలు కట్టుకుని ఇంకో చోటికి. ఒక పునరాభివృద్ధి చూపించిన చోటును ఇంకో పునరాభివృద్ధి తీసేసుకుంది. రెండు పథకాల ఫైళ్లలోనూ ‘పునరావాసం పూర్తి’ అనే ఉండి ఉంటుంది.

అదే నగరంలో 2009 జనవరిలో యోంగ్సాన్ ప్రాంతంలో ఖాళీ చేయబోమని భవనం పైకెక్కిన అద్దె దుకాణదారులను పోలీసులు దించబోతుండగా మంటలు లేచి ఆరుగురు చనిపోయారు. అందులో ఒకరు పోలీసు. గొడవ మూలం తెలిస్తే ఇది దూరదేశపు సంగతిలా అనిపించదు. దుకాణం తీసుకునేటప్పుడు ముందున్న వ్యాపారికి పెద్ద మొత్తం పగిడీలా కట్టాలి, లోపల సొంత డబ్బుతో హంగులు చేయించుకోవాలి. వెళ్లేటప్పుడు తర్వాతివాడి దగ్గర అది రాబట్టుకోవాలి. పునరాభివృద్ధిలో తర్వాతివాడంటూ ఉండడు. చట్టం ఇచ్చేది కొన్ని నెలల వ్యాపార నష్టం. చేతులు మారుతూ వచ్చిన ఆ పెద్ద మొత్తానికి అప్పటికి ఏ రిజిస్టర్‌లోనూ చోటు లేదు.

మనుషుల్ని కదపకుండా చేయలేమా? వియన్నా చేసింది. అక్కడి పాత భవనాల్లో కుళాయి, మరుగుదొడ్డి ఇళ్లలో కాక నడవాలో ఉండేవి, నాలుగైదు కుటుంబాలకు కలిపి. అమెరికా సర్వే ఫారాల్లో అయితే కూల్చివేతకు అర్హతే. వియన్నా 1970ల మధ్యలో వేరే దారి పట్టింది. పేటలోనే ఒక చిన్న ఆఫీసు తెరిచి, ఆర్కిటెక్టులను కూర్చోబెట్టి, కాపురాలు ఉండగానే భవనాలకు మరమ్మతులు చేయించింది. యజమానికి నగరం సబ్సిడీ ఇస్తుంది, బదులుగా ఏళ్లపాటు అద్దె ఇష్టమొచ్చినట్టు పెంచకూడదు. గది లోపల కొత్త స్నానాల గది కావాలో వద్దో అద్దెకున్నవాళ్లే చెప్పొచ్చు. నిదానంగా సాగింది, దశాబ్దాలు పట్టింది, ప్రారంభోత్సవానికి రిబ్బన్ కట్టడానికి చోటే లేదు. రాజకీయ నాయకుల్ని ఇది ఊరించకపోవడానికి కారణం అదేనేమో. ఇక్కడ పెరిగిన విలువలో కొంత అద్దె పెరగకపోవడం రూపంలో అద్దెదారు దగ్గరే ఆగింది.

ఎప్పుడు అడిగారు?

ప్రజాభిప్రాయ సేకరణ జరగని పథకం దాదాపు ఉండదు. ఏం అడిగారన్నదానికంటే ఎప్పుడు అడిగారన్నది పట్టి చూడాలి. హద్దు గీసేశారు, కన్సల్టెంటుకి డబ్బిచ్చేశారు, బిల్డరుతో ఒప్పందం ముసాయిదా రెడీ. అప్పుడు హాలు అద్దెకు తీసుకుని మైకు ఇస్తే జనం ఏం మాట్లాడతారు? పార్కులో బెంచీలు ఏ రంగులో ఉండాలో. లేదా కోపం పట్టలేక అరుస్తారు, అధికారి ‘అభ్యంతరాలు నమోదు చేసుకున్నాం’ అంటాడు. ఇద్దరికీ టెన్షనే, ఫలితం మాత్రం సున్నా.

లండన్‌లో 2018 నుంచి ఒక నిబంధన ఉంది. మేయర్ నిధులు తీసుకుని ప్రభుత్వ ఇళ్ల సముదాయాన్ని కూల్చి, 150 లేదా అంతకన్నా ఎక్కువ కొత్త ఇళ్లు కట్టాలంటే అక్కడుంటున్నవాళ్ల ఓటింగ్ గెలవాలి. అద్దెకున్నవాళ్లకూ ఓటుంది. చాలాచోట్ల ‘సరే’ అనే తేలింది. అయితే ఏం లాభం అనిపించవచ్చు. ఓటు అడగాలి కాబట్టి, ప్రతి కుటుంబానికీ తిరిగి వచ్చే హక్కు, అద్దె, గది సైజు ముందే రాసి ఇవ్వాల్సి వస్తోంది. ఆ కాగితం రాయించడమే నిజమైన గెలుపు.

బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రే 1989లో ఇంకా ముందుకెళ్లి బడ్జెట్ దగ్గరే జనాన్ని కూర్చోబెట్టింది. ఏ ప్రాంతానికి ఎంతన్నది సభలో గట్టిగా అరిచినవాళ్లకు కాక ఒక సూత్రం ప్రకారం పంచేవారు. ఎంత జనాభా, ఏ సదుపాయం ఎంత కొరత, సభలో దేనికి పెద్దపీట వేశారు, ఈ మూడిటికీ మార్కులు. డ్రైనేజీ లేని పేటకు ఆ కొరత వల్లే ఎక్కువ మార్కులొస్తాయి. చాలా ఊళ్లు దాన్ని అనుకరించాయి, ఎక్కువమంది సభను అనుకరించి సూత్రాన్ని వదిలేశారు. అసలు ఊరిలో కూడా పాలకులు మారుతూ వచ్చేసరికి అది నీరసించి, 2017లో ఆగిపోయింది.

బోస్టన్‌లోనే, వెస్ట్ ఎండ్ కూలిన మూడు దశాబ్దాలకు, డడ్లీ స్ట్రీట్ వాసులు ప్రశ్నను అడ్డంగా తిప్పారు. పేట నిండా కాలిపోయిన ఇళ్ల ఖాళీ జాగాలు, వాటిలో చెత్త పారబోతలు. 1984లో సంఘం పెట్టుకున్నారు. 1988లో ఖాళీ స్థలాలను సేకరించే అధికారం నగరంనుంచి ఆ సంఘానికే దక్కింది. ఇళ్లు కూల్చడానికి వాడిన ఆయుధమే ఈసారి పేటవాళ్ల చేతికొచ్చింది. సేకరించిన భూమిని ఒక ట్రస్టు పేర ఉంచి, పైన ఇల్లు మాత్రమే అమ్మారు. ఇల్లు మళ్లీ అమ్మాలంటే ధరకు పరిమితి ఉంటుంది. పెరిగిన భూమి విలువ ఎవరి జేబులోకీ వెళ్లదు, ట్రస్టులోనే నిలిచి తర్వాత వచ్చే కుటుంబానికి చవగ్గా పనికొస్తుంది. ఈ వ్యాసం మొదట్లో అడిగిన ప్రశ్నకు నేను చూసినంతలో ఇంత తిన్నటి జవాబు ఇంకోటి లేదు. పెద్ద ఎత్తున చేయడం కష్టమన్న మాటా నిజమే.

రిబ్బన్ కట్ చేశాక

ఇంకొకటి మిగిలింది, ప్రణాళికల్లో ఆఖరి పేజీలో ఒక పేరాగా ఉండేది. నిర్వహణ.

సెయింట్ లూయిస్‌లో 1950ల మధ్య ప్రూయిట్-ఐగో అనే సముదాయం కట్టారు. 11 అంతస్తుల భవనాలు 33. కట్టే ఖర్చు కేంద్రం ఇచ్చింది. లిఫ్టులు, పైపులు, బాయిలర్లు నడిపే ఖర్చు మాత్రం అద్దెల్లోంచి రావాలన్నారు. అద్దె కట్టేవాళ్లు పేదవాళ్లు, నగరంలో జనాభా తగ్గిపోతోంది, ఇళ్లు ఖాళీ అవుతున్నాయి. ఖాళీ అయినకొద్దీ అద్దెల రాబడి తగ్గింది, రాబడి తగ్గినకొద్దీ లిఫ్టులు ఆగాయి, లిఫ్టులు ఆగినకొద్దీ ఇంకొందరు వెళ్లిపోయారు. 1972లో డైనమైట్ పెట్టి కూల్చడం మొదలైంది. ఆ ఫోటోలు చూపించి ఆధునిక వాస్తుశిల్పం చచ్చిపోయిందని రాసినవాళ్లున్నారు. నాకు అందులో ముందు కనిపించేది పాడైన బాయిలర్, దాన్ని బాగుచేయడానికి లేని బడ్జెట్.

కొలంబియాలోని మెడెయీన్‌ను ఇప్పుడు అందరూ ఆదర్శంగా చూపిస్తారు. హింసకు పేరుపడ్డ కొండవాలు బస్తీలకు 2004లో కేబుల్ కారు వేశారు, 2011లో ఎస్కలేటర్లు పెట్టారు, మధ్యలో గ్రంథాలయాలు, బడులు, మెట్ల దారులు. అందరూ ఫోటోలు తీసుకునేది వీటినే. తీసుకోనిదొకటుంది. నగరానికి సొంతంగా కరెంటు, నీళ్లు, గ్యాస్ నడిపే కంపెనీ ఉంది, దాని లాభాల్లో పెద్ద వాటా ఏటా మున్సిపాలిటీకి వస్తుంది. ఎస్కలేటర్లను నకలు చేయాలనుకునే నగరాలు ముందు ఆ లాభాల వాటా తమకెక్కణ్నుంచి వస్తుందో చూసుకోవాలి.

అక్కడా అన్నీ నిలవలేదు. కొండమీద నల్లటి బండరాళ్లలా కనిపించే స్పెయిన్ గ్రంథాలయం 2007లో తెరిచారు, అవార్డులొచ్చాయి, ఊరికే గుర్తుగా మారింది. కొన్నేళ్లకే నిర్మాణ లోపాలు బయటపడి తలుపులు మూసి, ఏళ్ల తరబడి మరమ్మతుల్లో పెట్టాల్సి వచ్చింది. దాని పక్కనుంచే పైకెళ్లే కేబుల్ కారు మాత్రం చాలావరకు నడుస్తూనే వచ్చింది. అది మెట్రో సంస్థది. దానికి టికెట్టుంది, తీగల్నీ చక్రాల్నీ చూసుకునే మనుషులున్నారు, వాళ్ల జీతానికి ఆ సంస్థ ఖాతా ఉంది.